సరిహద్దు కబుర్లు: అద్దం మూలన చీటీ

పోయిన సంచికలో జొన్నరొట్టెల గురించి రాసిన కబుర్లకు షోలాపూర్ నుంచీ, భీవండి నుంచీ జాబులొచ్చాయి. టొరంటో నుంచి ఒక సోదరి ఏకంగా ఫోనే చేశారు. రొట్టెల సంగతి అయ్యాక మాట కార్ల మీదికి మళ్ళింది. "మాకిక్కడ నంబరు ప్లేటు మీద ఏటేటా అంటించే చీటీ ఎత్తేశారండీ, హాయిగా ఉంది" అన్నారావిడ. "అలాగా తల్లీ, మాకు మాత్రం ఇప్పుడే కొత్తగా అంటిస్తున్నారు" అన్నాను. ఈసారి ఆ చీటీ గురించే రాయాలనిపించింది. చూడటానికి పేకముక్క కంటే కాస్త పెద్దది, అంతే. కానీ దాని మీది రెండంకెలు తారుమారైనందుకు మా ఇంట్లో ఒకరి కంటి ఆపరేషన్ తొమ్మిది రోజులు వెనక్కి పోయింది.

కొత్తగా ఈ శీర్షిక చదివేవారి కోసం మా ఊరి సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మాది బీదర్ జిల్లా మంగళగి. పూణె నుంచి మచిలీపట్నం దాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మమ్మల్ని తాకుతూ పోతుంది. ఊరి పేరుతో టోలుగేటు కూడా ఉంది. తూర్పుగా కాస్త దూరం పోతే తెలంగాణ, ఆపైన జహీరాబాద్. 1956 నవంబరు 1 దాకా ఆ జహీరాబాద్ తాలూకా కూడా బీదర్ జిల్లాలోనిదే. రాష్ట్రాలు విడగొట్టినప్పుడు నిర్ణ సర్కిల్ ఒక్కటి ఇటే ఉండిపోయి, తక్కిన తాలూకా అంతా ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. నారాయణఖేడ్ కూడా అలాగే పోయింది. పటం మీద గీత మారిందిగానీ చుట్టరికాలు మారలేదు. నా పుట్టిల్లు గీతకు అటు, అత్తిల్లు ఇటు.

అందువల్ల మా ఇంట్లో పెళ్ళో పేరంటమో అయితే వాకిట్లో ఆగిన బండ్ల నంబర్లు చూసి చరిత్ర పాఠం చెప్పుకోవచ్చు. మా అన్నయ్య పాత స్కూటరు మీద ఏపీ ఉంటుంది. మా మేనల్లుడి మోటారుసైకిలు మీద టీఎస్. తెలంగాణ వచ్చిన 2014లో పుట్టిన అక్షరాలవి. వాడి దోస్తు కొన్న బండి మీద టీజీ, ఎందుకంటే 2024 మార్చి 15 నుంచి అక్కడ కొత్త బండ్లకు టీజీ అని వేస్తున్నారు. మా మరిది కారుకు కేఏ 38, అంటే బీదర్. నలుగురూ కూర్చునేది ఒకే బంతిలో, మాట్లాడేది ఒకే భాష. బండ్ల మీద మాత్రం నాలుగు రకాల అక్షరాలు. రోడ్డు మీద ఎవరైనా ఆపితే వాళ్ళు మొదట చదివేది మన ముఖాన్ని కాదు, ఆ అక్షరాలనే.

ఆ అక్షరాలను దొంగలు మార్చకుండా ఉండాలని వచ్చిందే 'హై సెక్యూరిటీ' నంబరు ప్లేటు. ఇది నిన్న మొన్నటి మాట కాదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 50వ నియమాన్ని 2001లోనే సవరించి దీన్ని తెచ్చారు. రాష్ట్రాలు ఏళ్ళ తరబడి నానుస్తుంటే మణీందర్‌జిత్ సింగ్ బిట్టా గారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కోర్టు పలుమార్లు రాష్ట్రాలను మందలించింది. చివరకు 2019 ఏప్రిల్ 1 నుంచి దేశంలో కొత్తగా అమ్మే ప్రతి బండికీ ఈ ప్లేటు ముందే ఉండాలన్నారు. అంతకు ముందు కొన్న పాత బండ్ల విషయంలో మా కర్ణాటక 2023 ఆగస్టులో ఉత్తర్వు తీసింది. మొదట 2023 నవంబరు 17 అని గడువు పెట్టారు. అది 2024 ఫిబ్రవరి 17కు జరిగింది, ఆ తరువాత మే 31కి జరిగింది, ఆపైన ఇంకా జరిగింది. మా ఊళ్ళో ఒకాయన "ఇది గడువు కాదమ్మా, గడియారం ముల్లు, తిరుగుతూనే ఉంటుంది" అన్నాడు.

ప్లేటు మీద అశోకచక్రం హోలోగ్రాం, దాని కింద నీలిరంగులో దేశం గుర్తు, మూలన లేజరుతో చెక్కిన అంకెలు, విప్పితే విరిగిపోయే తాళాలు ఉంటాయి. ఇదంతా అందరికీ తెలుసు. తెలియనిది మూడో ప్లేటు. నిజానికి అది రేకు కాదు, చీటీ. కారు ముందు అద్దానికి లోపలివైపు ఎడమ మూలన అంటిస్తారు. బండి నంబరు, ఇంజను నంబరు, చాసిస్ నంబరు, ముందు వెనక ప్లేట్ల లేజరు అంకెలు దాని మీద ఉంటాయి. అద్దం లేని స్కూటర్లకు ఇది ఉండదు. రంగుకు కూడా అర్థముంది. పెట్రోలు, సీఎన్‌జీ బండ్లకు లేత నీలం, డీజిలుకు నారింజ, తక్కినవాటికి బూడిద రంగు. 2020 తరువాతి బీఎస్ 6 బండి అయితే పైన సన్నని ఆకుపచ్చ పట్టీ కూడా ఉంటుంది. చీటీ పీకితే ముక్కలైపోతుంది. ఒక బండిది తీసి ఇంకో బండికి అంటించకూడదనే అలా చేశారు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ గడువుల హడావిడిలోనే మా మరిది తన కారుకు కొత్త ప్లేట్లు వేయించాడు. వేసిన చోటు పేరు మనకెందుకు? ఆ రోజు అక్కడ జాతరలా ఉందట. ముందు ప్లేటు సరే, వెనక ప్లేటు సరే. కుర్రవాడు అద్దం తుడిచి చీటీ అంటించి "అయిపోయింది సార్" అన్నాడు. దాదాపు ఏడాది పాటు ఆ కారు షోలాపూర్ వెళ్ళింది, తుల్జాపూర్ వెళ్ళింది, మా టోలుగేటు ఎన్నిసార్లు దాటిందో లెక్క లేదు. ఎవరూ ఏమీ అనలేదు.

మావారికి కంటి ఆపరేషన్ కోసం హైదరాబాదులో పదకొండు గంటలకు రమ్మన్నారు. మరిదికి పొలం పని ఉండటం వల్ల మా మేనల్లుడు జహీరాబాద్ నుంచి వచ్చి కారు తీశాడు. వాడికి ఇరవై నాలుగేళ్ళు. డిప్లొమా చదివాడు, గల్ఫ్‌లో ఉద్యోగం ఖాయమైంది, పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టి పోలీసు విచారణ కోసం ఎదురుచూస్తున్నాడు. సరిహద్దు దాటి కొంత దూరం పోయాక ఒకచోట బండ్లు ఆపుతున్నారు. మమ్మల్నీ ఆపారు. వాడు లైసెన్సు చూపించాడు. ఆ అధికారి ప్లేటు చూశారు, అద్దం దగ్గరికి వంగి చీటీ చూశారు, మళ్ళీ వెళ్ళి ప్లేటు చూశారు.

"ప్లేటు మీద చివర 73 ఉంది, అద్దం మీద 37 ఉంది. ఏది నిజం?" అన్నారు.

మావాడికి నోట మాట రాలేదు. కాసేపటికి "బండి మా మామది సార్" అన్నాడు.

"మామది అయితే మామ ఏడీ?"

"పొలంలో ఉన్నడు సార్."

"బండేమో కర్ణాటకది, మాటేమో తెలుగు, నంబర్లేమో రెండు. పక్కకు పెట్టు."

వాడి ముఖం పాలిపోయింది. నా చెవి దగ్గర "అత్తమ్మా, బండి దొంగతనం కేసు రాస్తే నా పాస్‌పోర్టు ఏమైతది?" అన్నాడు. అప్పటిదాకా నేను ఆసుపత్రి టైము గురించే ఆలోచిస్తున్నాను. ఆ మాట వినేసరికి నాకు గుండె జారిపోయింది. ప్లేటు మార్చిన బండ్లు దొంగతనాలకూ ఇంకా పెద్ద నేరాలకూ వాడతారని అందరికీ తెలుసు. వాళ్ళ అనుమానం తప్పని నేననను. కానీ ఆ అనుమానం ఒక కుర్రవాడి బతుకు మీద పడబోతోంది.

నేను దిగి "సారూ, నా పుట్టిల్లు జహీరాబాద్ దగ్గర, అత్తిల్లు మంగళగి. మా ఆయనకు కంటి ఆపరేషన్ ఉంది. మీరు ఏ కాగితం అడిగినా చూపిస్తం, కొంచెం నిదానంగా చూడండి" అన్నాను. ఆయన కటువు మనిషి కాదు. "చాసిస్ నంబరు చూద్దామమ్మా" అన్నారు. మరిదికి ఫోను కలవడానికి అరగంట పట్టింది. కలిశాక అతను డిజిలాకర్‌లో ఉన్న ఆర్.సి.ని పంపాడు. ఆ నంబరూ, బండి మీద చెక్కిన చాసిస్ నంబరూ అంకె అంకె చూశారు. సరిపోయింది. తరువాత చీటీ మీది నంబరును తన యంత్రంలో కొట్టి చూశారు. అది ఇంకో కారు, ఇంకొకరి పేరు.

"అమ్మా, బండి మీదే. కానీ మీ అద్దం మీద వేరే వాళ్ళ నంబరు మోస్తున్నరు" అన్నారాయన.

నంబరు ప్లేట్ల నియమం తప్పినందుకు 500 రూపాయల చలానా రాశారు. బండి వదిలారు, వాడి లైసెన్సు వాడికిచ్చారు. మేము ఆసుపత్రి చేరేసరికి ఒకటిన్నర. ఆ రోజు ఆపరేషన్ల వరుస అయిపోయింది. మళ్ళీ తొమ్మిది రోజుల తరువాత రమ్మన్నారు.

మర్నాడు మరిది ఆర్.సి., చలానా, చీటీ ఫొటో పట్టుకుని ప్లేటు వేసిన చోటికి వెళ్ళాడు. వాళ్ళు ఆ రోజు పద్దులు తిరగేశారు. ఒకే రంగు కార్లు రెండు వెంట వెంట వచ్చాయి. ఒకదాని చివర 73, ఇంకోదాని చివర 37. చీటీలు అటుదిటు, ఇటుదటు పడ్డాయి. ఆ రెండో కారు హుమ్నాబాద్ వైపు ఒక పెద్దాయనది. వాళ్ళే ఆయనకు ఫోను కలిపారు. పాపం ఆయన ఏడాదిగా మా నంబరును తన అద్దం మీద మోస్తూ ప్రతి వారం షోలాపూర్‌లో ఉన్న కూతురింటికి వెళ్ళివస్తున్నాడు. సంగతి విని ఒక్క క్షణం ఆగి, కన్నడంలో "నమ్మ హెసరు నిమ్మ హత్తిర, నిమ్మ హెసరు నమ్మ హత్తిర" అని నవ్వాడట. మా పేరు మీ దగ్గర, మీ పేరు మా దగ్గర అని. రెండు కార్లకూ కొత్త చీటీలు పైసా తీసుకోకుండా వేశారు. ఆ పెద్దాయనను కూడా ఏ అర్ధరాత్రో ఆపి ఉంటే, పక్కన సాయం మాట్లాడేవాళ్ళు లేకుంటే ఏమయ్యేదో!

నాకు ఇందులో తట్టిన మాట ఇది. తారుమారైన చీటీ ఎప్పుడూ ఒంటరిగా ఉండదు, దానికి జంట ఎక్కడో తిరుగుతూనే ఉంటుంది. మన దగ్గర తప్పు దొరికిందంటే మనకు తెలియని ఇంకో ఇంటి ముందు కూడా అదే తప్పు ఆగి ఉందన్నమాట. మనది సరిచేసుకుని ఊరుకుంటే సగం పనే అయినట్టు.

రెండో మాట జరిమానా గురించి. 500 రూపాయలు పెద్ద మొత్తం కాదు. మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింద 2019 సవరణ తరువాత మొదటిసారి తప్పుకు ఉన్న మొత్తమే అది. కానీ తప్పు చేసిన చేయి ఒకటి, కట్టిన చేయి ఇంకొకటి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ చీటీ లాంటి చిన్న లోపాలకు ఒక పద్ధతి ఉంది. టిక్కెట్టు రాస్తారు, లోపం సరిదిద్దుకుని సంతకం చేయించి కోర్టుకు చూపిస్తే 25 డాలర్ల రుసుముతో కొట్టేస్తారు. అక్కడి మనవాళ్ళు చాలామందికి ఇది అనుభవమే. మన దగ్గర కూడా ఆర్.సి., చాసిస్ నంబరు సరిపోయి చీటీ ఒక్కటే తేడా ఉన్నప్పుడు "పది రోజుల్లో సరిచేసుకుని చూపించు" అనే పద్ధతి ఉంటే ఎంత బాగుంటుంది! దొంగకు ఆ పది రోజులూ పనికిరావు, ఎందుకంటే వాడి చాసిస్ నంబరే సరిపోదు. నిజాయితీపరుడికి మాత్రం పనికొస్తాయి.

అయితే చీటీయే లేకపోతే పీడా పోతుంది కదా అంటారా? టొరంటో సోదరి అన్నది అదే. ఆవిడుండే ఒంటారియోలో 2022 మార్చిలో చీటీలూ, వాటి రుసుమూ ఎత్తేశారు. రిజిస్ట్రేషన్‌ను మాత్రం ఎవరికి వారు పొడిగించుకోవాల్సిందే. గుర్తు చేసే చీటీ పోయేసరికి లక్షల మంది ఆ సంగతే మరిచిపోయారు. చివరకు 2024 జులై నుంచి దానంతటదే పొడిగిపోయేలా మార్చారు. బ్రిటన్‌లో 1921 నుంచి కారు అద్దం మీద ఉన్న గుండ్రని పన్ను చీటీని 2014 అక్టోబరు 1న తీసేశారు. పెన్సిల్వేనియాలో 2016 చివరితో ప్లేటు మీది చీటీ పోయింది. కెమెరాలు నంబరు చదివి పద్దు చూసుకుంటున్నాయి కనుక వాళ్ళకు చీటీ అక్కర్లేకపోయింది. మనకేమో ఇంకో అవసరం ఉంది. ఆ దేశాల చీటీ "పన్ను కట్టావా?" అని అడిగేది. మన చీటీ "నువ్వు నువ్వేనా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు తప్పు పడితే ఎంత చిక్కో మీరు విన్నారు.

కాబట్టి ఒక అక్కగా నాలుగు మాటలు చెబుతాను, వినండి. ప్లేటు వేయించిన రోజున బండి అక్కడి నుంచి కదలకముందే ఆర్.సి. చేతిలో పట్టుకుని చీటీని చదవండి. నంబరు, ఇంజను, చాసిస్, లేజరు అంకెలు, రంగు అన్నీ చూడండి. డీజిలు బండికి నీలం చీటీ పడ్డా తప్పే. కళ్ళు కనబడకపోతే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. అంకె తేడా ఉంటే చీటీని మీరు పీకకండి, చిరిగిపోయి సాక్ష్యం కూడా పోతుంది. వేసినవారి చేతనే మార్పించండి, రసీదు దాచుకోండి.

ముందు అద్దం పగిలి కొత్తది వేయించినప్పుడు పాత అద్దంతో పాటు చీటీ కూడా పోతుంది. గాజు మార్చేవాడు దాని ఊసెత్తడు. మీరే అడిగి కొత్త చీటీ తెచ్చుకోవాలి. వాడిన కారు కొనేటప్పుడు టైర్లు తన్ని చూస్తాం, ఏసీ చల్లదనం చూస్తాం, అద్దం మూల కూడా ఒకసారి చూడండి. టోలు కోసం అంటించే ఫాస్టాగ్‌కు కూడా ఇదే సూత్రం. ఆ బండిది ఆ బండికే ఉండాలి.

బండి ఇంట్లో ఎవరు నడిపినా ఆర్.సి., బీమా కాగితాలు డిజిలాకర్‌లోనో, ఎంపరివాహన్‌లోనో పెట్టి, నడిపేవారి ఫోనుకు కూడా పంపండి. 2018 చివరి నుంచి ఇవి అసలు కాగితాలతో సమానమే. యజమాని పొలంలో, బండి రోడ్డు మీద ఉంటే కాగితాలు ఫోనుకు అందవు. ఇక చలానా రాస్తే అక్కడే డబ్బు కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టే. మీది కాదని గట్టి ఆధారం ఉంటే కోర్టులో చెప్పుకునే హక్కు ఉంది. ఎక్కడో తిరగని ఊళ్ళో తిరిగినట్టు మీ నంబరు మీద చలానా వస్తే, కట్టి ఊరుకోకండి. మీ నంబరు ఇంకెవరో వాడుతున్నారేమో, ఫొటోతో సహా ఫిర్యాదు చేయండి.

ఇల్లు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చిన మన కుటుంబాలకు ఇంకొక్క మాట. పన్నెండు నెలలు దాటి బండిని కొత్త రాష్ట్రంలోనే ఉంచితే 47వ సెక్షన్ ప్రకారం అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి పాత ఆఫీసు నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం కావాలి. తరచూ బదిలీలయ్యే కేంద్ర ప్రభుత్వోద్యోగులకూ, నాలుగు రాష్ట్రాలకు తక్కువ కాకుండా ఆఫీసులున్న కంపెనీల ఉద్యోగులకూ 2021 సెప్టెంబరు నుంచి బీహెచ్ వరుస నంబరు ఉంది. దానితో ఊరు మారినా ప్లేటు మార్చనక్కర్లేదు.

మావారి కన్ను బాగైంది. మా మేనల్లుడి పాస్‌పోర్టు వచ్చింది, వాడు దుబాయి నుంచి వారానికొకసారి ఫోను చేస్తున్నాడు. రాష్ట్రం మారినప్పుడల్లా నంబరు మీది అక్షరాలు మారుతుంటాయి, మారనివ్వండి. కానీ మన బండి మీద రాసి ఉన్నది మన పేరేనా అని చూసుకునే బాధ్యత మాత్రం ఎటు పోయినా మనదే. మీకూ ఇలాంటి అనుభవాలుంటే రాసి పంపండి. వచ్చే సంచికలో సరిహద్దు సంతల గురించి చెప్పుకుందాం. అంతవరకు సెలవు.